పెండ్లి బట్టలు – మారినవి, నిలిచినవి

మన ఇండ్లలో పెండ్లి కుదిరిన వెంటనే జరిగే పని ముహూర్తం పెట్టించడం. ఆ తరువాతిది బట్టలు తీయడం. మన రాయచెర్లు ప్రాంతం వారు హిందూపురానికో, ధర్మవరానికో ఇంటిల్లిపాదీ బయలుదేరుతారు. "మా కాలంలో ఇన్ని వేషాలు లేవమ్మా, పాత పద్ధతే పద్ధతి" అని పెద్దలు విసుక్కోవడం కూడా ఆనాడే వింటాము. ఆ పాత పద్ధతి ఏ కాలానిది? చరిత్ర ఇందుకు ఏమి సమాధానం చెబుతుందో ఈ ప్లాటినం జూబిలీ సంచికలో క్లుప్తంగా మనవి చేస్తాను.

మొదట కాళిదాసు వద్దకు వెళ్దాము. కుమారసంభవం ఐదవ సర్గలో, మారువేషంలో వచ్చిన శివుడు పార్వతిని పరిహాసం చేస్తాడు. హంసల బొమ్మలున్న పెండ్లికూతురి పట్టుపుట్టానికీ, నెత్తురోడే ఏనుగు తోలుకూ ముడి ఎట్లా కుదురుతుందని అతని ప్రశ్న. అనగా కొంగుముడి, పెండ్లి వస్త్రంపై హంస ఆ నాటికే ఉన్నవన్నమాట. ఏడవ శతాబ్దంలో బాణుడు రచించిన హర్షచరిత్రలో హర్షుని చెల్లెలు రాజ్యశ్రీ వివాహం వర్ణింపబడినది. క్షౌమం, దుకూలం, అంశుకం, నేత్రం అని ఎన్నో రకాల వస్త్రాల పేర్లు అందులో కనిపిస్తాయి. బట్టకు ముడులు వేసి రంగులద్దే పనిలో నేర్పరులైన వృద్ధ స్త్రీలు కూడా ఆ పెండ్లి ఇంట ఉన్నారు.

మనకు దగ్గరలోనే, హిందూపురం దాటగానే లేపాక్షి ఉన్నది. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో, పదహారవ శతాబ్దంలో, విరూపణ్ణ కట్టించిన ఆ వీరభద్రాలయపు పైకప్పులో పార్వతీ కల్యాణం చిత్రింపబడినది. విహారయాత్రకు వెళ్ళిన పిల్లలు వేలాడే స్తంభం క్రింద గుడ్డ దూర్చి సంతోషించి తిరిగి వస్తారు. తలయెత్తి ఆ చీరలను చూసేవారు తక్కువ. గళ్ళు, చారలు, పూలు, అంచులు – ఒక చీర వలె మరొకటి ఉండదు. నేటి నేతగాండ్లు ఆ అంచులను చూసి నమూనాలు తీసుకుంటున్నారు. అక్కడి పురుషుల తలపై పొడవైన కుళ్ళాయి కనబడుతుంది. ఆ పేరు పారశీకుల భాష నుండి వచ్చినది. నేడు పెండ్లికొడుకు షేర్వాణీ తొడిగితే పరాయి వేషమని నొచ్చుకునే పెద్దలు ఆ కుళ్ళాయిని ఒకసారి చూడవలెను. ఆ కాలంలోనే విజయనగరాన్ని గురించి వ్రాసిన పోర్చుగీసు యాత్రికుడు బార్బోసా, స్త్రీలు సన్నని నూలు గాని, రంగు పట్టు గాని ఐదు గజాల బట్టను నడుముకు చుట్టి, మిగిలినది ఒక భుజం మీదుగా వేసుకొనేవారని పేర్కొన్నాడు.

ఇక మధుపర్కాలు. తేనె, పెరుగు, నెయ్యి కలిపి వరునికిచ్చే మర్యాదకు మధుపర్కమని పేరు. దానితోపాటు ఇచ్చే బట్టలకే క్రమంగా ఆ పేరు స్థిరపడినది. తెల్లని నూలు, సన్నని అంచు, పసుపు – ఇంతకు మించి అందులో ఆడంబరం లేదు. పేదవారికీ, ధనికులకూ ఒకే బట్ట. ఐరోపాలో తెల్ల గౌను పెండ్లికూతురి గుర్తుగా వ్యాపించినది 1840లో విక్టోరియా రాణి వివాహం తరువాతనే. మన తెల్లని మధుపర్కానికి ఆ రాణితో పని లేదు.

పెద్ద మార్పులు పంతొమ్మిదవ శతాబ్దంలో వచ్చినవి. అంతవరకు ఎరుపునకు చిరివేరు, నీలానికి నీలిమందు ఆధారం. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ కృత్రిమ రంగును కనుగొన్నాడు. 1869 తరువాత ప్రయోగశాలలో చేసిన ఎరుపు అంగడికి వచ్చి చిరివేరును వెనుకకు నెట్టినది. కుట్టు మిషను వచ్చిన తరువాత కుట్టిన రవిక సామాన్య గృహాలకు చేరినది. మన పావగడ నాటి మైసూరు సంస్థానంలోనిది. 1912లో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ప్రభుత్వం మైసూరులో పట్టు నేత కర్మాగారాన్ని స్థాపించినది. ఒక ప్రక్క మైసూరు పట్టు, మరొక ప్రక్క ధర్మవరం, మొలకాల్మూరు మగ్గాలు – పట్టుచీర లేనిదే పెండ్లి కాదనే భావన మన పల్లెలలో క్రమంగా వేళ్ళూనినది.

అయితే అన్నింటికంటె పెద్ద మార్పు బట్టలో రాలేదు. ఆ బట్టను కట్టుకొనే పిల్లలో వచ్చినది. మా అవ్వకు పదవ ఏట పెండ్లి అయినది. చీర బరువుకు అడుగు వేయలేకపోతే మేనమామ ఎత్తుకొని పీటల మీద కూర్చోబెట్టినాడట. నవ్వుతూనే చెప్పేది, తాను బడి మెట్లు ఎక్కలేదని చెప్పేటప్పుడు మాత్రం నవ్వేది కాదు. మైసూరు సంస్థానం 1894లోనే ఎనిమిదేండ్లలోపు బాలికల వివాహాన్ని నిషేధించినది. 1929 నాటి శారదా చట్టం ఆ వయస్సును పద్నాలుగు చేసినది. 1978 సవరణతో అది పద్దెనిమిదికి చేరినది. చీర కొలత పెరిగినది పిల్ల వయస్సు పెరిగినందువల్లనే. తన చీర రంగును తానే ఎంచుకొనే పెండ్లికూతురు ఇటీవలి కాలపు మనిషి. చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఫ్యాషన్ ఇదే.

ఇంత చెప్పిన తరువాత ఒక బాధను దాచలేను. చట్టం వచ్చి ఇన్నేండ్లైనా, నేను పనిచేసిన బడులలో సెలవుల తరువాత హాజరు పట్టీలో ఒక పేరు పిలిస్తే జవాబు రాని రోజులు ఉన్నవి. ప్రక్కన కూర్చునే పిల్ల తల వంచుకొని "పెండ్లైపోయింది టీచరమ్మా" అన్న మాట నా చెవిలో ఇంకా ఉన్నది. తొమ్మిదవ తరగతి పిల్లకు ఎంత మంచి పట్టుచీర కట్టినా, ఆమె కోల్పోయిన దానికి అది బదులు కాదు.

తల్లిదండ్రులకు నా విన్నపాలు రెండు. పెండ్లి చీర కొరకు అప్పు చేయకండి. కొనగలిగినంతలో మగ్గం మీద నేసినదే కొనండి. మరమగ్గపు నకలు కొంటే, చేనేతవాని కూలి పోయినట్లే. ఇక రెండవది – చదువు ముగించిన తరువాతనే ఆ చీర మాట ఎత్తండి.

పూర్వ విద్యార్థినులు కొందరు తమ పెండ్లి పత్రికతో బడికి వస్తారు. ఉద్యోగపు మొదటి జీతంతో చీర తానే కొనుక్కున్నానని ఆ మధ్య ఒక అమ్మాయి చెప్పినది. అంచు మీద హంసలున్నవి. కాళిదాసు నాటి హంసలే! కట్టుకొనే పిల్ల మాత్రం కొత్తది.