చర్చి కార్యక్రమాల కాగితంలో కనిపించిన ఆడవాళ్ళు

మా పక్కింటి పిన్నిగారు ఒంగోల్లో ఒక బాప్టిస్టు చర్చి స్త్రీల సమాజంలో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నారు. వచ్చే ఆరు నెలల్లో జరిగే ఆరాధనలు, కూడికలు, పిల్లల కార్యక్రమాలు అన్నీ ఒక కాగితం మీద అచ్చు వేయించి ఆ చర్చివాళ్ళు ఇంటింటికీ పంచుతారు. మాది ఆ చర్చి కాదు. మా ఇంట్లో పూజగది ఉంది. అయినా క్రిస్మస్ కేకుతో పాటు ఆ కాగితం మాకూ వస్తుంది. నేను దాన్ని ఫ్రిజ్ తలుపు మీద అంటిస్తాను, పిన్నిగారు ఏ రోజు ఇంట్లో ఉండరో తెలుస్తుందని.

డిగ్రీలో నేను చరిత్ర చదివాను. పెళ్ళయ్యాక పుస్తకాలు అటకెక్కాయి కానీ ఆ ఆసక్తి మాత్రం పోలేదు. ఈ సారి ఆ కాగితంలోని ఒక్కో వరుస పట్టుకుని, ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు మొదలుపెట్టారు అని వెతుకుతూ పోయాను. ప్రతి చోటా ఎవరో ఒక ఆడమనిషి కనిపించింది. మన జిల్లా చరిత్రలో మనకెవరూ చెప్పని భాగం ఇది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

మొదటి వరుస: ప్రతి ఆదివారం ఉదయం ఆరాధన.

ఇందులో వింతేముంది అనుకుంటాం. కానీ నూట యాభై ఏళ్ళ క్రితం ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళలో ఆదివారం సెలవు అడగడం పెద్ద తిరుగుబాటు. 1866లో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఒంగోల్లో స్థిరపడ్డాడు. అదే ఏడాది యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్యది తోళ్ళ పని, మాదిగ కుటుంబం. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు ఉన్న సభ్యులు 8 మందే. కొత్తగా చేరిన వాళ్ళకు మూడు నియమాలు చెప్పేవారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

మొదటి నియమం దగ్గరే ఊరి పెద్దలకు కోపం వచ్చింది. తరతరాలుగా పిలిస్తే రావలసిన మనుషులు వారంలో ఒక రోజు మేం రాము అన్నారు మరి! బావి దగ్గరికి రానివ్వకపోవడం, బజారులో సరుకులు అమ్మనివ్వకపోవడం వంటి శిక్షలు పడ్డాయి. ఇంటికి నీళ్ళు తెచ్చేది ఎవరు, పొయ్యి మీద ఎసరు పెట్టేది ఎవరు? ఆ ఒక్క ఆదివారం కోసం ఎక్కువ కష్టం ఎవరి మీద పడిందో ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నియమం ఒప్పుకున్నది మగవాళ్ళే అయినా, దాన్ని రోజూ మోసింది ఆడవాళ్ళు.

రెండో వరుస: జనవరి 1 తెల్లవారుజామున కొండ మీద ప్రార్థన.

ఒంగోల్లో ఉన్నవాళ్ళకు ఆ కొండ తెలుసు. ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు. దాని కథ 1854 జనవరి 1న మొదలైంది. అప్పటికి అమెరికన్ బాప్టిస్టులు తెలుగు ప్రాంతానికి వచ్చి దాదాపు 18 ఏళ్ళు. 1840 నుంచి నెల్లూరే వాళ్ళ కేంద్రం. అన్నేళ్ళలో చేరిన వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో 1848లో, 1853లో, మళ్ళీ 1862లో చర్చించారు. ఎలాగో ప్రతిసారీ నిలబడింది. 1853 చర్చ అప్పుడు శామ్యూల్ స్మిత్ అనే కవి ఈ మిషన్‌ని ఒంటరి నక్షత్రం అని పిలుస్తూ పద్యం రాశాడు. అక్కణ్ణుంచి దానికి లోన్ స్టార్ మిషన్ అనే పేరు పడిపోయింది.

మూసేస్తారేమో అన్న ఆ రోజుల్లో, కొత్త సంవత్సరం నాడు ఇంకా పొద్దు పొడవక ముందే ఐదుగురు ఆ కొండ ఎక్కి, కింద కనిపిస్తున్న పల్లెల కోసం ప్రార్థన చేశారు. చరిత్ర పుస్తకాల్లో లైమన్ జువెట్ పేరు పెద్దగా ఉంటుంది. మరి మిగతా నలుగురు? ఆయన భార్య యూఫీమియా, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు ఆయన, జూలియా, రూతు. అంటే ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. అందులో ఇద్దరు మన తెలుగు ఆడవాళ్ళు.

1854 అంటే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు గడప దాటాలంటే పదిమందిని అడగాల్సిన కాలం. నెల్లూరు నుంచి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి, చీకట్లో కొండెక్కి, అందరిలోనూ నోరు తెరిచి ప్రార్థన చేసిన ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు. ఇంటిపేరు లేదు, ఊరి పేరు లేదు. జూలియా, రూతు అంతే. ఆ కొండని తలుచుకునే వాళ్ళయినా ఈ రెండు పేర్లు కలిపి తలుచుకుంటే బావుండును అనిపిస్తుంది నాకు.

మూడో వరుస: బాప్తిస్మ కార్యక్రమం. తీసుకునేవారు రెండు జతల బట్టలు తెచ్చుకోవాలి.

రెండు జతల బట్టలు ఎందుకు అని పిన్నిగారిని అడిగాను. "తల తడిపితే చాలదమ్మా మాకు. నిలువునా నీళ్ళల్లో ముంచుతారు" అన్నారు. బాప్టిస్టులు చంటిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిసి, నేను నమ్ముతున్నాను అని ఎవరి నోటితో వాళ్ళు చెప్పాలి. భర్త చెప్తే భార్యకి చెల్లదు, తండ్రి చెప్తే కూతురికి చెల్లదు. ఎవరి మాట వాళ్ళదే. ఆ మాటకున్న విలువ తెలియాలంటే 1878 సంగతి చెప్పుకోవాలి.

1876లో మొదలైన కరువు మద్రాసు ప్రెసిడెన్సీని రెండేళ్ళు ఊపేసింది. లక్షల మంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలవ తవ్వించింది. అందులో మూడున్నర మైళ్ళ ముక్కని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో సర్వే పని చేసినవాడు, కొలతలు తెలుసు. వేల మంది అక్కడ కూలి చేసి ప్రాణాలు నిలుపుకున్నారు. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు తట్టలతో మట్టి మోశారు. ఈ రోజు ఒంగోలు వైపు సముద్ర తీరం దగ్గర కనిపించే ఆ కాలవ గట్టులో మన ఆడవాళ్ళ నెత్తి మీద నుంచి దిగిన మట్టి ఉంది.

కూలి కోసం వచ్చినవాళ్ళు మేమూ మీ మతంలో చేరతాం అన్నారు. క్లౌ ఒప్పుకోలేదు. కడుపు కోసం చేరారన్న మాట రాకూడదని కరువున్నంత కాలం, ఏడాది పైనే బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాకే మొదలుపెట్టారు. కూలి లేదు, బియ్యం లేదు అని తెలిసి కూడా జనం వచ్చారు. 1878 జులై 3న, ఒంగోలుకి ఉత్తరాన సుమారు పది మైళ్ళ దూరంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్ళల్లో నిలబడి, మార్చి మార్చి తొమ్మిది గంటలు చేశారు. ఆ ఏడాది మొత్తం లెక్క వేలల్లోకి వెళ్ళింది.

ఈ అంకెలు మిషన్ చరిత్రలన్నిటిలో ఉంటాయి. అంకెల వెనక మనుషులు మాత్రం ఉండరు. పిన్నిగారి నాయనమ్మ చెప్పేదట, వాళ్ళమ్మమ్మ కాలవ మట్టి మోసి, తర్వాత ఏట్లో మునిగిందని. "ఆవిడ పేరేంటి పిన్నీ?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "తెలీదమ్మా. మా నాయనమ్మకి తెలిసే ఉంటుంది. నేనే అడగలేదు" అన్నారు. 2,222లో ఒకరు. తన మనవరాలి మనవరాలికి పేరు చేరలేదు.

ఇక్కడ ఒక పుస్తకం సంగతి చెప్పాలి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ బాగా చదువుకున్నావిడ. ఆడవాళ్ళ హక్కుల గురించి మొదట రాసిన వాళ్ళలో ఒకరైన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి, 1898లో పుస్తకం వేసింది. మరుసటి ఏడాదే, 1899లో, ఒంగోలు ప్రాంతపు మాదిగ పెద్దలు చెప్పిన కథలు రాసుకుని వైల్ సూయింగ్ శాండల్స్ అనే పుస్తకం తెచ్చింది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలన్నమాట. గురువులు, యోగులు, మాతంగి ఆచారం, పేరయ్య లాంటి వాళ్ళ జీవితాలు అందులో ఉన్నాయి. రాసినావిడ మిషనరీ కాబట్టి ఆవిడ చూపు ఆవిడదే. కానీ ఆ కాలంలో వాళ్ళ ఇంటి ముందు కూర్చుని, మీ కథ చెప్పండి అని అడిగి రాసుకున్న వాళ్ళు ఎంతమంది?

నాలుగో వరుస: మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థనా దినం, స్త్రీల సమాజం ఆధ్వర్యంలో.

ఆ రోజు పిన్నిగారి ఇంట్లో వంట ఉండదు, మా ఇంటి నుంచే సాంబారు వెళ్తుంది. ప్రపంచంలో చాలా దేశాల ఆడవాళ్ళు ఆ ఒక్క రోజు ఒకే ప్రార్థన చదువుతారు. ఏడాదికో దేశపు ఆడవాళ్ళు దాన్ని రాస్తారు. దీని మూలం అమెరికాలో 19వ శతాబ్దం చివర్న వేర్వేరు చర్చిల ఆడవాళ్ళు మొదలుపెట్టిన ప్రార్థన రోజుల్లో ఉంది. 1927 నుంచి ప్రపంచ ప్రార్థనా దినం అయింది.

అలా విదేశాల కోసం ఒక ప్రార్థన రోజు పెడదామని పిలుపిచ్చిన ఇద్దరు బాప్టిస్టు మహిళల్లో ఒకరు లూసీ పీబాడీ. ఆవిడ గురించి చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. ఆవిడ 1881లో భర్తతో మద్రాసు వచ్చింది, అక్కడి తెలుగువాళ్ళ మధ్య పని చేయడానికి. 1886లో భర్త చనిపోయాడు. చిన్న పిల్లల్ని తీసుకుని ఒంటరిగా ఓడెక్కి వెళ్ళిపోయింది. వెళ్ళి ఊరుకోలేదు. ఆసియాలో ఆడపిల్లల కాలేజీల కోసం తర్వాత పెద్ద ఎత్తున చందాలు పోగు చేయించింది. 1915లో మొదలైన మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ, 1918లో ఆడపిల్లల కోసం వేలూరులో మొదలైన వైద్య పాఠశాల ఆ సాయం అందుకున్న వాటిలో ఉన్నాయి. వేలూరు ఆసుపత్రికి వెళ్ళొచ్చిన వాళ్ళు మన చుట్టాల్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు కదా!

ఈ వరుస కిందే చిన్న అక్షరాల్లో ఉంది: పిడికెడు బియ్యం కానుక తీసుకురాగలరు. పిన్నిగారు పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ, కడిగే ముందు గిన్నెలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలాఖరుకి ఆ డబ్బా చర్చికి వెళ్తుంది, అక్కణ్ణుంచి లేనివాళ్ళ ఇంటికి. సొంత సంపాదన లేని ఆడది కూడా ఎవర్నీ అడక్కుండా ఇవ్వగలిగిన కానుక అది. ఇంటి లెక్కల్లో అది కనిపించదు.

చివరి వరుస: మే నెలలో పిల్లలకు వీబీఎస్.

మా అబ్బాయి చిన్నప్పుడు పాటల కోసం, బిస్కెట్ల కోసం పదిరోజులూ వెళ్ళేవాడు. ఈ సెలవుల బడికి తొలి అడుగులు వేసిన వాళ్ళలోనూ ఒక బాప్టిస్టు ఇల్లాలు ఉంది. న్యూయార్క్‌లో ఎపిఫనీ బాప్టిస్టు చర్చికి చెందిన మిసెస్ హాస్. 1898లో, వేసవిలో వీధుల్లో తిరిగే పేద పిల్లల కోసం చోటు దొరక్క ఒక బీరు హాలు అద్దెకు తీసుకుని మరీ నడిపింది. చాలా చోట్ల ఆవిణ్ణి భర్త పేరుతోనే రాశారు.

చూశారా, కాగితం ఒకటే. తీసి చూస్తే నాగమ్మ, జూలియా, రూతు, ఎమ్మా, లూసీ, మిసెస్ హాస్, పేరు తెలియని ఒక ముత్తవ్వ. కాగితం మీద మాత్రం అధ్యక్షులు, వక్త, కార్యదర్శి పేర్లే ఉన్నాయి. ఆరుగురూ మగవాళ్ళే. ఆ రోజుల్లో కుర్చీలు సర్దేది, టీ కాచేది, పిల్లలకు పాటలు నేర్పేది ఎవరో నాకు తెలుసు.

ఇది చర్చివాళ్ళ సంగతి మాత్రమే అనుకోకండి. మా అత్తగారింట్లో ఏడు తరాల వంశవృక్షం ఉంది, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాం. అందులో ఒక్క ఆడపేరు లేదు. మా అత్తగారికి ఎనభై రెండు. ఆవిడకి తన అత్తగారి పేరు, వాళ్ళ అత్తగారి పేరు, ఏ ఊరి ఆడపడుచో కూడా గుర్తుంది. నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. పదకొండు పేర్లు చెప్పారు. రెండు పేర్ల దగ్గర కాస్త తడబడ్డారు, సాయంత్రం గుర్తొచ్చాక పిలిచి మరీ చెప్పారు.

పిన్నిగారు కూడా తన బైబిలు మొదటి పేజీలో తనకు తెలిసినంత వరకు అమ్మమ్మల పేర్లు రాయడం మొదలుపెట్టారు. నూజెండ్లలో ఉన్న తన మేనత్తకు తొంభై దాటాయట, ఆ మట్టి మోసిన ఆవిడ పేరు ఆవిడకైనా తెలిసి ఉంటుందేమోనని ఈ పండక్కి వెళ్ళొస్తానన్నారు. మీ ఇళ్ళల్లోనూ అలాంటి పెద్దవాళ్ళు ఉంటే ఈ సంక్రాంతికి అరిసెల పాకం పట్టేటప్పుడే అడగండి. అడిగింది అడిగినట్టు పేరు, ఊరు, ఏం పని చేసేవారో రాసిపెట్టుకోండి.