వృద్ధాశ్రమాల భద్రతా ప్రమాణాలు

భారతదేశంలో వృద్ధాశ్రమాలకు చట్టపరమైన ఆధారం 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేలా రాష్ట్రాలు ఆశ్రమాలు పెట్టవచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. తప్పనిసరి మాత్రం చేయలేదు, చిక్కంతా అక్కడే. ఎంతమందికి ఒక ఆయా ఉండాలి, రాత్రిపూట నర్సు ఉండాలా వంటి లెక్కలనూ రాష్ట్రాలకే వదిలేసింది.

డబ్బు కట్టి చేరే రిటైర్మెంట్ హోమ్‌లకు కేంద్రం 2019లో నమూనా మార్గదర్శకాలిచ్చింది. జారని నేల, పట్టుకోవడానికి కడ్డీలు, చక్రాల కుర్చీ పట్టే దారులు అందులోవే. స్నానాలగదిలో జారి తుంటి విరిగితే మంచం పట్టే వయసులో ఇవి హంగులు కావు.

నిప్పుతో ముప్పు ఇంకా పెద్దది. 2014 జనవరిలో కెనడాలోని లిల్-వెర్ట్‌లో ఒక వృద్ధాశ్రమం తగలబడి 32 మంది చనిపోయారు. మంటలార్పే స్ప్రింక్లర్లు కొత్త భాగంలో ఉన్నాయి, పాత భాగంలో లేవు.