వెయ్యి డ్రాక్మాల కన్నీళ్లు

ఏథెన్స్‌లో వసంతం. డయోనిసస్ దేవుడి ఉత్సవాల్లో నాటకాల పోటీ అంటే ఊరు ఊరంతా కదిలొచ్చేది. ఆ రోజు ఆడేది ఫ్రినికస్ నాటకం. ముఖాలకు తొడుగులు కట్టుకుని, జంట గొట్టాల సన్నాయికి అడుగులు కలుపుతూ కోరస్ అనే పాటల బృందం ఆటస్థలంలోకి వచ్చింది. అంతా మగవాళ్లే, ఆడవేషాలూ వాళ్లే కట్టాలి. ఏ పాతకాలపు రాజవంశం కథో, ఏ వీరుడి శాపమో విందామని జనం సర్దుకుని కూర్చున్నారు.

వినిపించింది మిలేటస్ పేరు.

సముద్రానికి అవతలి ఒడ్డునున్న ఆ నగరం తమ రక్తసంబంధీకులదని ఏథెన్స్‌వాసుల నమ్మకం. క్రీ.పూ. 499లో అది పర్షియా చక్రవర్తి డేరియస్ మీద తిరగబడింది. ఏథెన్స్ 20 ఓడలు సాయం పంపింది. ఒక ఓటమి ఎదురుకాగానే వాటిని వెనక్కి పిలిపించుకుంది. మళ్లీ ఎన్ని కబుర్లొచ్చినా కదల్లేదు. 494లో మిలేటస్ కూలింది. మగవాళ్లలో చాలామందిని చంపేశారు. ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా పట్టుకుపోయారు. ఆ బల్లల మీద కూర్చున్నవాళ్లకు ఇదంతా నిన్నమొన్నటి సంగతి.

ప్రేక్షకులంతా భోరుమన్నారని చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. కంటతడి పెట్టించడమే ట్రాజెడీ కవి పనైతే ఫ్రినికస్‌ను నెత్తిన పెట్టుకోవాలి. ఏథెన్స్ అతనికి వెయ్యి డ్రాక్మాల జరిమానా వేసింది. సొంతింటి కష్టాలను గుర్తుచేశాడన్నది నేరం. ఆ నాటకం ఇక ఎవరూ ఆడకూడదని కట్టడి చేసింది.

480లో పర్షియన్లు ఏథెన్స్‌నే తగలబెట్టారు. సలామిస్ సముద్రపు పోరులో చిత్తయ్యారు. ఫ్రినికస్ మళ్లీ తన కాలపు యుద్ధాన్నే ఎత్తుకున్నాడు, కథను మాత్రం శత్రువు ఇంటికి మార్చాడు. ‘ఫినీషియా స్త్రీలు’ నాటకం మొదట్లోనే పర్షియా కొలువులో మంత్రులకు ఆసనాలు సర్దుతూ ఒక సేవకుడు చక్రవర్తి జెర్‌క్సీజ్ ఓటమి చెబుతాడు.

మారథాన్ దగ్గర పర్షియన్లతో పోరాడిన నాటకకర్త ఈస్కిలస్ అదే దారి పట్టాడు. 472లో ‘పర్షియన్లు’ ఆడించాడు. కోరస్ ఖర్చును ఊళ్లోని సంపన్నులు భరించడం ఆచారం; ఈ నాటకానికి భరించింది యువకుడు పెరిక్లిస్. యుద్ధం రంగం మీద కనిపించదు. పర్షియా నగరం సూసాలో రాజమాత ముందు దూత సలామిస్ కబురు విప్పుతాడు. పర్షియా వీరుల పేర్లు వరసగా వస్తాయి, గ్రీకు మనిషి పేరు ఒక్కటీ రాదు. మొదటి బహుమతి దక్కింది. మనకు పూర్తిగా మిగిలిన గ్రీకు నాటకాల్లో అన్నిటికన్నా పాతది ఇదే. ఫ్రినికస్ ఆడించిన మిలేటస్ నాటకం మాత్రం కాలంలో కలిసిపోయింది.

పచ్చి గాయాన్ని తాకాలంటే కవి ఎడంగా నిలబడాలి. అది దేశాల ఎడమైనా సరే, యుగాల ఎడమైనా సరే. 416లో ఏథెన్స్ సేనలే మెలోస్ దీవిని ముట్టడించాయి. పట్టుబడ్డాక మగవాళ్లను చంపి, ఆడవాళ్లను, పిల్లలను బానిసలుగా అమ్మేశాయి. 415 వసంతంలో నాటకకర్త యూరిపిడిస్ ‘ట్రాయ్ స్త్రీలు’ ఆడించాడు: పురాణకాలంలో కూలిన నగరం, చచ్చిన మగవాళ్లు, గెలిచినవాళ్లు వంతులేసుకుంటున్న ఆడవాళ్లు. మెలోస్ పేరు ఎక్కడా ఎత్తలేదు. ఆ ఏడాది పోటీలో అతనికి రెండో బహుమతి వచ్చింది.