బందరు తీరాన కొసైన్

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మైకేల్ టాపింగ్ 1796 జనవరిలో బందరులోనే కన్నుమూశాడు. మద్రాసులో 1794లో సర్వే పాఠశాల పెట్టించింది ఆయనే; తర్వాతి రోజుల్లో అది గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. 1791 మేలో పరంగిపేట దగ్గర సముద్రపుటొడ్డు ఇసుక మీద ఆధారరేఖ కొలిచాడు. చివరి ఏళ్లలో కృష్ణా గోదావరుల నీటిని పొలాలకి మళ్లించే దారులు వెతికాడు. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట పూర్తయ్యేసరికి 1855 వచ్చింది.

పంచాంగం గుణించేవాళ్లు కోటిజ్య అన్నదే సర్వేయర్ల కొసైన్. బందరు అక్షాంశం 16 డిగ్రీల పైచిలుకు, దాని కొసైన్ 0.96. భూమధ్యరేఖ మీద 111 కిలోమీటర్లుండే ఒక డిగ్రీ రేఖాంశం ఇక్కడ 107కి తగ్గిపోతుంది. ఆ నాలుగు కిలోమీటర్లు మరిచిన పటాన్ని ఏ ఓడ నమ్ముకోగలదు?

నేలని కొలవడానికి మామూలు కోణం చాలు. నీటికి చాలదు.

దివిసీమలో సముద్రపు పోటు పాయల్లోకీ మురుగు కాలవల్లోకీ ఎగదన్నుతుంది. లాకు తలుపు మూసి ఉంటే అక్కడ తగిలి వెనక్కి మళ్లుతుంది. 20 కిలోమీటర్ల పొడవు, 2 మీటర్ల లోతు ఉన్న కాలవని ఊహించండి. పన్నెండున్నర గంటలకోసారి వచ్చే పోటుకి, ఒరిపిడి లేదనుకుంటే, కాలవ పొడవునా అల తిరిగే కోణం 0.63 రేడియన్లు. మొగ దగ్గరి పోటుని ఆ కోణపు కొసైన్‌తో భాగిస్తే తలుపు దగ్గర నీరు 1.24 రెట్లు లేస్తుందని తేలుతుంది. కానీ అడుగు బురద నీటిని పట్టి లాగుతుంది, అల దారిలోనే నీరసిస్తుంది. ఆ నీరసాన్ని లెక్కలోకి తెస్తే కోణం సంకీర్ణ సంఖ్య అవుతుంది. ఊహాత్మకమని పేరుపడ్డ భాగం ఇక్కడ బురద ఒరిపిడికి గుర్తు. ఇంతకన్నా అందమైన అన్వయం అరుదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన మాత్రం ఒక్క సూత్రానికి లొంగేది కాదు. వేలమందిని పొట్టన పెట్టుకున్న ఆ నీటిని కంప్యూటరులో మళ్లీ లేపి చూసిన పరిశోధన 1983లో అచ్చయింది.

కాలవల సంకీర్ణ కోణానికి కొసైన్‌ని కంప్యూటరుతో కట్టిద్దామంటే, ఆ రోజుల్లో సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో సంకీర్ణ సంఖ్యలకి చోటు లేదు. కోణంలోని వాస్తవ భాగానికి మామూలు కొసైన్, సైన్. ఊహాత్మక భాగానికి అతిపరావలయ కొసైన్, సైన్ విడిగా కట్టి, జతలుగా గుణించుకోవాలి. కొసైన్ల లబ్ధం జవాబుకి వాస్తవ భాగం, సైన్ల లబ్ధం గుర్తు మార్చుకుని ఊహాత్మక భాగం. 1999 ప్రమాణంతో 'సీకాస్' అనే ప్రమేయం భాషలోకే వచ్చింది. ఒకటి కూడిక ఐ ఇస్తే 0.8337 తీసివేత 0.9889 ఐ అంటుంది. ఊహాత్మక భాగం 710 దాటితే మాత్రం అంకెలు ‘డబుల్’ అనే సంఖ్యా రకంలో పట్టక పొంగిపోతాయి. కాలవల లెక్కలో ఆ భాగం ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది.