కూలి న్యాయము – మనస్సాక్షి స్వేచ్ఛ

ఈ శతవార్షిక సంచికలో మన దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు పెద్దలు వ్రాయుచున్నారు. నేను ఒక కాలువ పనిని గూర్చి వ్రాయదలచితిని. అది మన డయాసిస్ చరిత్ర కాదు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను చరిత్ర. అయినను ఇతరులచేత పని చేయించు ప్రతి క్రైస్తవునికిని అందులో పాఠము కలదు.

1876-78 సంవత్సరములలో మద్రాసు రాజధానిని మహా కరువు పీడించెను. మన పెద్దలు దానిని ధాత కరువనిరి. లక్షలాదిమంది మరణించిరి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అను ప్రభుత్వ ప్రతినిధి, సహాయపు పనులలో మగవాని దినకూలిని ఒక పౌను ధాన్యమునకును, ఒక అణాకును తగ్గించెను. కష్టించు దేహమునకు అది చాలదని మద్రాసు శానిటరీ కమీషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించెను.

ఆ దినములలో కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ త్రవ్వించుచుండిరి. ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు పూర్వము అమెరికాలో సర్వే పని చేసినవారు. వారు సుమారు మూడున్నర మైళ్ల కాలువ పనిని కంట్రాక్టుకు తీసికొనిరి. మాదిగపల్లెల నుండి ఆకలిగొన్న కుటుంబములు వేలుగా వచ్చెను. ఇతర కంట్రాక్టర్ల చోట్ల తిట్లు, దెబ్బలు, కూలిలో కోతలు ఉండెడివి. క్లౌ దొరగారు తమ తెలుగు ఉపదేశులనే పనిపై విచారణకర్తలుగా నియమించి, చేసిన పనికి కూలి సరిగా ముట్టునట్లు చూచిరి. ఆ ఉపదేశులలో అనేకులు ఆ పల్లెలలో పుట్టినవారే. తమ జనుల కష్టము వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

అయితే నాకు ఇంతకంటె గొప్పగా తోచినది మరియొకటి కలదు. పని విరామములలో ఉపదేశులు సువార్త చెప్పుచుండిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. క్లౌ దొరగారు ఇయ్యలేదు. సుమారు 15 నెలలు ఆపివేసిరి. కూలి ఇచ్చువాని యెదుట ఆకలిగొన్నవాడు 'అవును' అనిన, ఆ మాట కడుపుదో హృదయముదో ఎవరు చెప్పగలరు? లెక్కలు పెరుగు అవకాశము చేతిలో నుండగా చేయి ముడుచుకొనుట సామాన్యమైన నిగ్రహము కాదు.

1878లో కరువు తగ్గిన పిమ్మట జనులు మరల వచ్చిరి. ఇక పని లేదు, ధనము లేదు, ఇండ్లకు వెళ్లుడని వారు చెప్పిరి. మాకు సహాయము అక్కరలేదు, కష్టించి బ్రతికితిమనుటకు మా చేతుల బొబ్బలే సాక్ష్యమని జనులు బదులు చెప్పిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి రేవున, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు అభిషేకము పొందిన ఆరుగురు తెలుగు బోధకులు.

కరువే వారిని తెచ్చినదను విమర్శ అప్పుడును కలదు, ఇప్పుడును కలదు. ఆకలి తీర్చిన చేతిని మనిషి మరువడు. ఆ కృతజ్ఞతను పూర్తిగా వేరుచేయుట ఎవరి తరము కాదు. అయినను కూలికిని మనస్సాక్షికిని మధ్య ఒక గట్టు వేయుట నాయకుని చేతిలో నున్నది. ఆయన వేసెను.

ఇప్పుడు మన సంగతి చూచుకొందము. మన చేతులలో బడులు, ఆసుపత్రులు, హాస్టళ్లు ఉన్నవి. స్వీపరు మొదలు హెడ్‌మాస్టరు వరకు మన వద్ద జీతము తీసికొనువారున్నారు. నెల జీతము నెలకు ముట్టుచున్నదా? కూలివాని కూలి మరునాటి వరకు ఉంచరాదను లేవీయకాండపు ఆజ్ఞను ప్రసంగించు మనము ఆఫీసులో దానిని మరచుచున్నామా? పాస్టరేటు ఎన్నికలు వచ్చినపుడు, ఉద్యోగమిచ్చిన చేయి ఓటు కొరకు చాచబడుచున్నదా? ఈ ప్రశ్నలు నాకును వర్తించును. నేనును కమిటీలలో కూర్చుండువాడనే.

జీతమిచ్చువాడు పనిని మాత్రమే అడుగవలెను, మనస్సును అడుగరాదు. కాలువ గట్టున మన పెద్దలు నేర్చిన ఈ పాఠమును రెండవ శతాబ్దములోనికి తీసికొనిపోవుటకు ప్రభువు మనకు సహాయము చేయునుగాక.