సభ నుంచి చెవిలోకి: ఏకాంత శ్రవణ చరిత్ర

మన సంప్రదాయంలో సంగీతమంటే ఒకరు పాడగా పదిమంది కూర్చుని వినేది. దేవాలయ మండపమైనా, శ్రీరామనవమి పందిరి అయినా, పట్టణంలోని గానసభ అయినా గాయకుని ఎదుట రసికుని ముఖం ఉండేది. అతని తల ఊపు, వేళ్లమీద తాళం, అప్రయత్నంగా వెలువడే ‘శభాష్’ కచ్చేరీలో అంతర్భాగాలే. పాడేచోటుకూ వినేచోటుకూ మధ్య దూరం పెరగడం, ఆపైన వినేవారు ఒక్కొక్కరుగా విడివడడం గడచిన నూట నలభై యేళ్ల పరిణామం. చొక్కా జేబులో పట్టే సంగీత యంత్రం, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్ ఈ పరిణామానికి ముఖ్య సాధనాలు. వీటి చరిత్ర కేవలం సాంకేతిక చరిత్ర కాదు. మనుషులు కలిసి వినడం, విడిగా వినడం అనే రెండు అలవాట్ల మధ్య సాగిన వాదం కూడా.

ఈ కథ 1881లో పారిస్ నగరంలో మొదలైందని చెప్పవచ్చు. ఆ ఏడాది జరిగిన అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ ఆదేర్ అనే ఇంజనీరు ఒపేరా రంగస్థలం అంచున టెలిఫోన్ పరికరాలను అమర్చి, అక్కడి గానాన్ని ప్రదర్శనశాలకు తీగల ద్వారా చేర్చాడు. శ్రోత రెండు గొట్టాలను పట్టుకుని, చెవికొకటి చొప్పున ఆనించుకోవాలి. రంగస్థలం మీద గాయకుడు ఏ వైపు నుంచి ఏ వైపుకు కదులుతున్నాడో కూడా చెవికి తెలిసేది. స్టీరియో శ్రవణానికి ఇదే తొలి మెట్టు. 1890 నుంచి ఇదే ‘థియాట్రోఫోన్’ పేరుతో చందాదారుల ఇళ్లకు చేరింది. సభకు వెళ్లకుండా సభను వినడం అప్పటికే సాధ్యమైంది.

ఆ గొట్టాలను చేతితో పట్టుకోనక్కరలేకుండా తలకు తగిలించే హెడ్‌ఫోన్లను అమెరికాలోని యూటా రాష్ట్రంలో నెథానియల్ బాల్డ్‌విన్ 1910 ప్రాంతంలో తన ఇంటి వంటగదిలోనే తయారుచేసి, ఆ దేశపు నౌకాదళానికి పంపాడు. మొదట అవి ప్రధానంగా వైర్‌లెస్ ఉద్యోగుల పనిముట్లుగా ఉండేవి. 1958లో మిల్వాకీ నగరంలో జాన్ కాస్, ఇంజనీర్ మార్టిన్ లాంగ్‌తో కలిసి, సంగీతం కోసమే ఉద్దేశించిన స్టీరియో హెడ్‌ఫోన్లను ప్రదర్శించడంతో వాటికి రసికుల లోకంలో స్థానం దొరికింది. 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ చెవిని పూర్తిగా మూసివేయని తేలికపాటి నమూనాను తెచ్చింది. బయటి గాలి ఆడే ఈ నిర్మాణంలో ధ్వని సహజంగా ఉంటుందని నాణ్యతాప్రియులు నేటికీ దానిని ఆదరిస్తున్నారు.

శ్రవణ సాధనం తలపైకి చేరినా, సంగీతం మాత్రం ఇంటి గోడలు దాటలేదు. గ్రామఫోను పళ్లెం నడకకు నిలవదు. ఫిలిప్స్ సంస్థలో లూ ఓటెన్స్ నాయకత్వంలోని బృందం రూపొందించిన క్యాసెట్ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో వెలుగుచూసింది. యంత్రం ఎంత చిన్నదిగా ఉండాలో నిర్ణయించడానికి ఓటెన్స్ జేబులో పట్టే చెక్కముక్కను కొలతగా పెట్టుకున్నాడని ప్రసిద్ధి. నాలుగు మిల్లీమీటర్లకన్నా సన్నని టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల మందగమనంతో సాగడం వల్ల మొదట ధ్వనిలో బుసవంటి రొద ఎక్కువగా ఉండేది. మెరుగైన టేపులు, డాల్బీ పద్ధతి వచ్చాక 1970 దశకంలో క్యాసెట్ సంగీతానికి యోగ్యమైంది.

ఇక జపాన్. సోనీ సంస్థాపకులలో ఒకరైన మసారు ఇబుకా దూర విమానయానాలలో సంగీతం వినడానికి బరువైన టేప్‌రికార్డర్‌ను వెంట తీసుకువెళ్లేవాడు. అంతకంటే తేలికైనది కావాలని ఆయన కోరగా, పాత్రికేయుల కోసం అప్పటికే చేస్తున్న చిన్న రికార్డర్‌లోని ధ్వనిముద్రణ భాగాన్నీ స్పీకరునూ తొలగించి స్టీరియో పరికరాలను అమర్చారు. రికార్డు చేయలేని టేప్‌రికార్డర్‌ను ఎవరు కొంటారని సంస్థలోనే పలువురు సందేహించారు. అకియో మోరిటా పట్టుదలతో 1979 జూలై 1న, 33,000 యెన్ల ధరకు, ‘వాక్‌మన్’ విపణిలోకి వచ్చింది. తొలి విడతగా తయారైన 30,000 యంత్రాలు ఆగస్టు ముగిసేసరికి చెల్లిపోయాయి.

ఆ తొలి నమూనాలో ఒక విశేషాన్ని చరిత్రకారుడు గమనించక తప్పదు. దానికి హెడ్‌ఫోన్ జాక్‌లు రెండు. పైగా ఒక నారింజరంగు మీట. దానిని నొక్కితే సంగీతం తగ్గి, చిన్న మైకు ద్వారా వినేవారిద్దరూ మాట్లాడుకోవచ్చు. మోరిటా యంత్రాన్ని ఇంటికి తీసుకువెళ్లి వింటూ కూర్చున్నప్పుడు, తనను వేరుచేసినట్లయిందని ఆయన భార్య నొచ్చుకున్నదట. ఒక్కరే వినడం మర్యాద కాదేమోనన్న శంకతోనే ఆ ఏర్పాటు చేయించినట్లు ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. కాని కొన్నవారు ఆ యంత్రాన్ని తమ సొంతమనే భావించారు. ఇద్దరికోసం చేసినది ఒక్కరిదైంది. తర్వాతి నమూనాలలో ఆ మీట కనుమరుగైంది. రూపకర్త ఉద్దేశాన్ని వాడుక తోసిపుచ్చిన అరుదైన సందర్భాలలో ఇది ఒకటి.

ఇదే ఆలోచన మరొకరికి ముందే వచ్చింది. ఆండ్రెయాస్ పావెల్ 1972లోనే నడుము పట్టీకి అమర్చుకునే స్టీరియో యంత్రాన్ని రూపొందించి, 1977లో ఇటలీలో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. సుదీర్ఘ వ్యాజ్యం తర్వాత 2000 దశకం తొలి యేళ్లలో సోనీతో ఆయనకు రాజీ కుదిరింది.

అటుపిమ్మట మార్పులు వేగంగా వచ్చాయి. 1984లో వెంట తీసుకువెళ్లగల సీడీ యంత్రం వెలువడింది. మనిషి చెవి గ్రహించలేని ధ్వనులను విడిచిపెట్టి మిగిలినవాటిని భద్రపరచే ఎంపీ3 పద్ధతి జర్మన్ పరిశోధకుల కృషితో 1993లో ప్రమాణంగా ప్రచురితమైంది. దానిని సరిదిద్దే క్రమంలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్ వాద్యసహకారం లేని ఒక స్త్రీ గానాన్ని పదేపదే విని పరీక్షించాడు. ఒంటరి కంఠంలోని లోపమే చెవికి ముందుగా పట్టుబడుతుంది. 2001లో వచ్చిన ఐపాడ్ వెయ్యి పాటలను జేబులో పెట్టింది. 2022లో దాని తయారీ నిలిచిపోయేనాటికి ఆ పని ఫోనుకు దక్కింది. అయినా నష్టరహిత ధ్వనిముద్రణలనూ ప్రత్యేక యంత్రాలనూ ఆశ్రయించే రసికులు ఉన్నారు. వారి అన్వేషణ అకారణం కాదు. మంచి హెడ్‌ఫోన్‌లో తంబురా శ్రుతి చివరి కంపనం వరకు వినిపిస్తుంది. కాని ఎడమ స్పీకరు ధ్వని కుడిచెవికీ కొంత చేరే సహజస్థితి అందులో లేదు. కనుక గాయకుడు ఎదుట కాక తలలోపలే పాడుతున్నట్లు తోస్తుంది. ఎంత ధనం వెచ్చించినా ఆ ఎదుటి ముఖం తేలికగా దొరకదు.

మన దేశంలో ఈ చరిత్ర వేరు దారిన నడిచింది. 1956లో యునెస్కో సహకారంతో పుణె ప్రాంతంలోని సుమారు 150 గ్రామాలలో రైతులు గుమిగూడి రేడియో విని, చర్చించి, తమ ప్రశ్నలను ఆకాశవాణికి పంపే శ్రోతృ బృందాలు ఏర్పడ్డాయి. ఇక్కడ యంత్రం జనాన్ని కూడగట్టింది. 1980 దశకంలో క్యాసెట్ ప్రవేశించినప్పుడూ అది ముందుగా చెవిలోకి కాక వీధిలోకి వచ్చింది. గల్ఫ్ దేశాలకు వెళ్లిన మనవారు తెచ్చిన టూ-ఇన్-వన్ చుట్టూ ఇల్లంతా చేరేది. గుడి మైకులో ఘంటసాల భగవద్గీత ఊరంతటికీ వినిపించేది. కొద్దిపాటి పెట్టుబడితో క్యాసెట్లు చేయగలగడం వల్ల పెద్ద సంస్థల దృష్టికి రాని భజనలకూ జానపద గేయాలకూ ప్రాంతీయ భాషలకూ అవకాశం లభించింది. పీటర్ మాన్యుయెల్ 1993లో ప్రచురించిన గ్రంథంలో ఈ మార్పును సవిస్తరంగా వివరించాడు.

అయితే కలిసి వినడమంతా సౌహార్దమేనని అనుకోరాదు. మైకు ఊరినంతటినీ అలరించినట్లే, పరీక్షకు చదువుకునే విద్యార్థినీ మంచంపట్టిన రోగినీ బలవంతంగా శ్రోతలను చేసింది. మోరిటా హెడ్‌ఫోన్ అమర్యాద అవుతుందేమోనని జంకాడు. నేడు మన బస్సుల్లో, రైళ్లలో ఫోను స్పీకరు తెరచి పాటలు పెట్టేవారి మధ్య అదే హెడ్‌ఫోన్ మర్యాదకు గుర్తుగా నిలుస్తున్నది. ఒక వస్తువు విలువను అది నిలిచిన సమాజమే నిర్ణయిస్తుంది.

ఏకాంత శ్రవణానికి ఒక మూల్యం మాత్రం ఉంది. 12 నుంచి 35 యేళ్ల వయస్కులలో వంద కోట్లకు పైగా జనం అధికధ్వని వల్ల వినికిడి కోల్పోయే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెళ్లు ఆ సంస్థ సూచించిన పరిమితి. ధ్వని 3 డెసిబెళ్లు పెరిగితే సురక్షిత కాలం సగానికి తగ్గుతుంది. సభలో ధ్వని మితిమీరితే పక్కవారు అభ్యంతరం చెప్పేవారు. చెవిలోని ధ్వనికి అభ్యంతరం చెప్పగలవారు మరొకరు లేరు.

గానసభలకు శ్రోతలు తగ్గారని విచారించే మనం యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు. దూరాన ఉన్న విద్వాంసుని గానం మారుమూల విద్యార్థికి చేరుతున్నది ఈ యంత్రం వల్లనే. పాఠశాలలలో పిల్లల చేత ఒకే పాటను కలిసి వినిపించడం, విన్నదానిని గురించి మాట్లాడించడం వంటి చిన్న ప్రయత్నాలు ఏకాంత శ్రోతను తిరిగి సభకు తీసుకురాగలవు. 1979 నాటి ఆ చిన్న పెట్టెకు రెండో జాక్ పెట్టించిన శంక తేలికగా కొట్టివేయదగినది కాదు. దానికి సమాధానం యంత్రంలో దొరకలేదు, వినేవారే వెదకుకోవాలి.