ఖాళీ నేలకూ చరిత్ర ఉంది

ఆళ్లగడ్డలో కర్నూలు బస్సెక్కితే నంద్యాల, పాణ్యం దాటాక నల్లరేగడి వెనకబడి రాళ్లు మొదలవుతాయి. ఓర్వకల్లు వస్తుంది. 2016లో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయానికి స్థలం కేటాయించింది ఇక్కడే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మాకు ఇది చిన్న సంగతి కాదు. యూనివర్సిటీ అనగానే ఎన్ని బిల్డింగులని అడుగుతారు అందరూ. మేం అడిగేది వేరు. బిల్డింగుల మధ్య నేలను ఏం చేస్తారు?

ఎందుకడుగుతున్నామో తెలియాలంటే ఉస్మానియా కథ చెప్పుకోవాలి. 1918లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం మొదట అద్దె ఇళ్లలో నడిచింది. సొంత ఆవరణ కోసం 1920ల మొదట్లో నగర ప్రణాళికల్లో పేరున్న పాట్రిక్ గెడ్డెస్‌ను సలహా అడిగారు. పాత ఊళ్లలో చెట్టునీ, చెరువునీ, బావినీ కూల్చకుండా వాటి చుట్టూ ఆలోచించాలని చెప్పిన మనిషి ఆయన. తర్వాత జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసొచ్చారు. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశాడు. 1934లో అడిక్‌మెట్‌లో శంకుస్థాపన, 1939లో ఆర్ట్స్ కాలేజీ ప్రారంభం.

ఆ అడిక్‌మెట్ అంతకుముందు ఎవరిది? ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి చందా జాగీరు. ఆమె పేరుతో పిలిచే మెట్లబావి అక్కడ ఇప్పటికీ ఉంది. నిజాం పేరు అందరికీ తెలుసు. ఆ నేల మీద ఒక స్త్రీ పేరుందని ఎందరికి తెలుసు? రాయి కొట్టినవాళ్ల పేర్లు, మొక్కలకు నీళ్లు మోసినవాళ్ల పేర్లు అసలే తెలియవు.

మేం నిజాం పాలనను పొగడటం లేదు. ఆయన కట్టించిన యూనివర్సిటీలోనే 1938లో విద్యార్థులు వందేమాతరం పాడి ఆయన సర్కారును ఎదిరించారు. 1969లో ఆ మైదానంలోనే తెలంగాణ అడిగారు. ఉర్దూ మీడియంలో అక్కడే చదివిన సి. నారాయణరెడ్డి తెలుగు కవి అయ్యారు. ఉర్దూ ముసల్మానులదొక్కరిదే అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు ఏముంది? తరగతి గదిలో మాస్టారు చెప్పింది వింటాం. చెట్టు కింద మనం మాట్లాడతాం. విశ్వవిద్యాలయానికి రెండూ కావాలి.

అందుకే ఓర్వకల్లు గురించి మా మాట వినండి. ఆ బండలను పేల్చి చదును చేయకండి. వాన నీళ్లు ఎటు పారతాయో చూసి కుంట తవ్వండి. ఈ ఎండకు ఓర్చే వేప, చింత, కానుగ నాటండి. నడవటానికి బేతంచెర్ల బండలు పరవండి. దేవుళ్లను చెక్కే ఆళ్లగడ్డ శిల్పుల చేత అరుగులు చెక్కించండి. రాసినవి ఉర్దూలోనూ, తెలుగులోనూ ఉండాలి.

బురఖా వేసుకున్న మా చెల్లెలు సాయంత్రం ఒంటరిగా వచ్చి ఆ అరుగు మీద కూర్చుని పుస్తకం తెరవాలి. నువ్వెవరని ఎవరూ అడక్కూడదు. మేం కోరే ఖాళీ జాగా అది.